ఒక్కదానికే సూది

“ఆ చేత్తో నన్ను ముట్టుకోకు!”

లేడీస్ సెలూన్‌లో కత్తెరలన్నీ ఒక్కసారిగా ఆగాయి.

కుర్చీలో కూర్చున్న పెద్దావిడ మెడకు కట్టిన గుడ్డను తనే విప్పేసుకుంటోంది. వెనకాల దువ్వెన పట్టుకుని నిలబడిన అమ్మాయి వేళ్ళ నిండా పులిపిర్లు. చిన్నా పెద్దా కలిపి పద్నాలుగు.

“అంటుకోవండీ,” అంది అమ్మాయి, సిగ్గుతో చచ్చిపోతూ.

“అంటుకుంటాయి. నాకు తెలుసు,” అని ఆవిడ గబగబా వెళ్ళిపోయింది.

పక్క కుర్చీలో ఉన్నావిడ గబుక్కున తల తడుముకుంది. ఇంకొకావిడ కూతుర్ని రెక్క పట్టుకుని బయటికి లాక్కుపోయింది.

సాయంత్రం ఓనరమ్మ పిలిచింది. “అవి తగ్గేదాకా నేల ఊడ్చు. రెండు నెలలు చూస్తా. తగ్గకపోతే నీ దారి నువ్వు చూసుకో.”

తొమ్మిదేళ్ళు కత్తెర పట్టిన చెయ్యి చీపురు పట్టింది. ఒళ్ళు మండదూ మరి!

“ఆవిడ మళ్ళీ రాకపోదు. నా కుర్చీ నాకు రానీ, అప్పుడు చెప్తా దాని సంగతి!”

“ముందు నీ చేతుల సంగతి చూసుకోవే తల్లీ,” అంది పక్క కుర్చీ దగ్గర పనిచేసే అక్క.

చూసుకోలేదా ఏం? కాల్పించింది. యాసిడ్ రాయించింది. ఎవరో చెప్పారని వెంట్రుకతో బిగించి కట్టింది. అవి పోయినట్టే పోయి, చుట్టాలను వెంటేసుకుని మరీ తిరిగొచ్చేవి.

నాలుగో రోజు చర్మం డాక్టరు దగ్గర్నుంచి సెలూన్‌కి ఫోనొచ్చింది. చేతులకి పులిపిర్లున్న అమ్మాయిని మంగళవారం పంపమని. ఆ డాక్టరమ్మ దగ్గర వంతు రావాలంటే మామూలుగా మూడు నెలలు ఆగాలి.

“మీరే మాట్లాడారా మేడం?” అమ్మాయికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

“ఊఁ... సరేలే, టైముకి వెళ్ళు,” అంది ఓనరమ్మ. ఊరికే వచ్చిన మంచిపేరు ఎవరు కాదనుకుంటారు?

డాక్టరమ్మ బొటనవేలి మీద అన్నిటికన్నా పెద్ద పులిపిరిని చూసి, దాని లోపలికే సూది గుచ్చింది. అమ్మాయికి ప్రాణం పోయినంత పనైంది.

“అయిపోయింది. మూడు వారాలాగి రా.”

“అదేంటండీ! పద్నాలుగుంటే ఒక్కదానికే పొడిచారు?”

“ఇది పులిపిరిని చంపే మందు కాదమ్మా. నీ ఒంటికి కోపం తెప్పించే మందు. ఒక్కచోట శత్రువుని గుర్తుపట్టిందంటే, మిగతావాటిని ఒళ్ళే వెతికి పట్టుకుంటుంది.”

“అయితే నా ఒంటికీ నా బుద్ధే,” అంది అమ్మాయి. “నేనూ ఒకావిడ కోసం కాచుక్కూర్చున్నా.”

డాక్టరమ్మ నవ్వేసింది.

రెండో సూది తర్వాత, ముట్టుకోనివి కూడా ముడుచుకుపోవడం మొదలెట్టాయి. మూడోదానికి వేళ్ళు నున్నగా తేలాయి. అమ్మాయి కుర్చీ అమ్మాయికి వచ్చింది.

ఆ వారమే ఆ పెద్దావిడ వచ్చింది. మనిషి కాస్త చిక్కింది. షాపు కిటకిటలాడుతోంది. ఆవిడ నేరుగా వచ్చి అమ్మాయి కుర్చీలోనే కూర్చుంది.

“పొట్టిగా కత్తిరించమ్మా.”

“లేవండి.”

“ఏమ్మా?”

“లేవమన్నా! ఆ రోజు ఇంతమందిలో నా పరువు తీసి, నోటి దగ్గర కూడు లాగేసి పోయారే! ఇప్పుడు మీ తల ముట్టుకుంటే నాకేం అంటుకుంటుందో ఎవరికి తెలుసు? నడవండి బయటికి!”

ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆవిడ లేచి నిలబడింది. “ఏదీ, ఒకసారి చేతులు చూపించు.”

“చూడండి, కళ్ళారా చూడండి!” అమ్మాయి రెండు చేతులూ ఆవిడ మొహం మీదికి చాచింది.

ఆవిడ వేలు వేలూ చూసింది. “అన్నీ పోయాయే!” అంది. ఆ తర్వాత మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ పూట అమ్మాయికి అన్నం ఎంత రుచిగా ఉందో! రెండు నెలల కసి తీరిపోయింది.

ఆఖరిసారి చేతులు చూపించుకోడానికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మకి కూడా ఆ కథంతా చెప్పింది, ఆ పెద్దావిడ గొంతు అనుకరిస్తూ మరీ.

డాక్టరమ్మ నవ్వలేదు. “పంపించేశావా?”

“మరి! వదుల్తాననుకున్నారా?”

“నిన్ననే ఊరు విడిచి కొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది. వెళ్ళేలోపు నిన్నొకసారి చూసి వస్తానంది.”

“నన్నా? ఆవిడకి నాతో ఏం పనండీ?”

“కిడ్నీ మార్పించుకున్న మనిషమ్మా. ఒంట్లో పోరాడే శక్తిని పడుకోబెట్టే మందులు మింగితేనే బతుకు. చీర చాటున పాదాల నిండా నీకున్నవే ఉన్నాయి. ఈ సూది తనకి పనిచెయ్యదని నేను చెప్పిన రోజు, ‘అయితే మంగళవారం నా వంతు సెలూన్‌లో ఆ అమ్మాయికివ్వండి, భయం కొద్దీ నలుగురిలో అరిచి దాని నోటి దగ్గర కూడు తీసేశాను’ అని ఏడ్చింది ఆవిడే.”