ఒరెస్ట్ గొట్టాలు ఊదిన శనివారం

ఆ ఏడు చలికి ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ వెలిగించిన మొదటి రోజే ఇల్లంతా కాలిన దుమ్ము కంపు కొట్టింది.

"వేడిగాలి గొట్టాలు దులిపి ఎన్నేళ్లయిందో," అంది డార్లీన్, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని. "వచ్చే వారం పంటల పండక్కి మావాళ్లంతా వస్తారు. ఆ పని చేసేవాళ్లని పిలుద్దాం. పెద్ద మిషన్ తెచ్చుకుని పూటలో పీల్చేసి పోతారు."

"పిలు. నేను చచ్చాక పిలు," అన్నాడు ఒరెస్ట్. "నా ఇంట్లో దుమ్ము నేను దులుపుకోలేనా? వాళ్లేం చేస్తారో నాకు తెలీదా? ఒక గొట్టంలో చెయ్యి పెట్టి, పది గొట్టాలు తుడిచామంటారు. నేనే చేస్తా."

ఒరెస్ట్ అంతే. కుళాయి కారితే తనే బాగుచేస్తాడు, ఇంటికప్పు కారితే తనే బాగుచేస్తాడు. రెండూ ఇప్పటికీ కారుతూనే ఉన్నాయి. దానికి తోడు వద్దన్న పని చెయ్యకపోతే అతనికి నిద్ర పట్టదు. పుట్టుకతో వచ్చిన బుద్ధిని పెళ్లి ఏం బాగుచేస్తుంది?

"ఇంట్లో ఊడ్చే మిషన్ గొట్టంలోకి మూరెడు దూరం కూడా పోదు," అంది డార్లీన్. "అది పోకపోతే నీకు తట్టేది ఒక్కటే. గరాజ్‌లో ఆకులు ఊదే మిషన్ ఉంది కదాని అది తెచ్చి గొట్టాల్లో పెడతావు. ముందే చెబుతున్నా, ఆ పని మాత్రం చెయ్యకు."

ఒరెస్ట్ కాఫీ కప్పు కింద పెట్టాడు. ఆ మిషన్ సంగతి అప్పటిదాకా అతనికి గుర్తే లేదు.

"ఏం? ఎందుకు చెయ్యకూడదు?"

"ముందుగదిలో మీ అమ్మ వేయించిన కార్పెట్ ఉంది. దాని గతేం కాను?"

ఆ కార్పెట్ మీద ఈగ వాలినా ఒరెస్ట్ ఊరుకోడు. ముదురు గోధుమరంగు, తడిసిన ఎలుగుబంటి తోలులా ఉంటుంది. పోయిన తల్లి గుర్తు. మార్చుదామని డార్లీన్ పెళ్లైన కొత్తలో ఒకసారి అని, తిట్లు తిని, మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

"అమ్మ కార్పెట్‌కి మసి మచ్చ పడిందా, నేనే చుట్టి బయట పడేస్తా. సరేనా?" అని బల్ల మీద చరిచాడు.

"సరే, నీ ఖర్మ. ఈ శనివారం మాత్రం పెట్టుకోకు. మా తమ్ముడొస్తున్నాడు."

శనివారమే పెట్టుకున్నాడు.

తమ్ముడు డెన్నిస్ వస్తూనే ఆ మిషన్ చూసి పళ్లికిలించాడు. "ఏం బావా, ఇంటికి ముక్కుపొడుం వేస్తున్నావా?"

"నోర్మూసుకుని మీ అక్కకి సాయం చెయ్," అని ఒరెస్ట్ కింద ఫర్నేస్ గదిలోకి దిగాడు.

వద్దంటే వినని మొగుడితో వాదించి లాభమేముంది? డార్లీన్ పనికి నడుం కట్టింది. సోఫా, టీవీ, అత్తగారి ఫోటో అన్నీ తమ్ముడి చేత పడకగదిలోకి మోయించింది. "భయస్తురాలు!" అని కిందనుంచి ఒరెస్ట్ నవ్వాడు.

"గదుల్లోకి గాలొచ్చే జాలీల్లో ఒక్కటి వదిలి అన్నీ మూసెయ్!" అతని గొంతు గొట్టంలోంచి పైకొచ్చింది. "వదిలినదానికి చెత్తసంచి బిగించు. దుమ్మంతా దాన్లోకే వస్తుంది!"

డార్లీన్ పడకగదుల జాలీలు మూసింది. వంటింటిది మూసింది. ముందుగది జాలీకి సంచి పెట్టింది. గట్టి టేపు కనబడలేదని, పోయిన క్రిస్మస్‌కి బహుమతులు చుట్టగా మిగిలిన సన్న టేపు అంటించింది.

"గట్టిగా అంటించావా?"

"నా చేతనైనంత!"

మిషన్ గుర్రుమంది. సంచి పొట్ట ఉబ్బించుకుని లేచింది. ఒక్క క్షణం ఊగింది. ఆనక ఎగిరి కప్పుకి కొట్టుకుంది.

వెనకాలే వచ్చింది మసి. ఎన్నేళ్లదో ఆ మసి. దానితో పాటు ఎప్పుడో చచ్చిన కుక్క బొచ్చు, జొన్నపేలాలు, డార్లీన్ పోయిందనుకున్న జుంకా.

"ఆపు బావా, ఆపు!" డెన్నిస్ అరిచాడు. "చేతిలో కాఫీ ఉంది, నాకే కనబడట్లేదు!"

ఒరెస్ట్ మెట్లెక్కి వచ్చేసరికి కార్పెట్ నల్లగా ఉంది. తడిగుడ్డతో రుద్దాడు. మసి ఇంకాస్త లోపలికి దిగింది. గుమ్మం దగ్గర డార్లీన్ మొహం రెండు చేతుల్లో దాచుకుంది. భుజాలు అదురుతున్నాయి.

"ఏడవకు డార్లీన్," అన్నాడు ఒరెస్ట్. "నువ్వు చెప్పావు, నేనే విన్లేదు."

"మాటంటే మాటే బావా," అన్నాడు డెన్నిస్.

మాట తప్పే మనిషి కాడు. తనే కార్పెట్ ఊడదీసి, చుట్టి, పెరట్లో పడేశాడు. తలొంచుకుని గొట్టాలవాళ్లకి తనే ఫోన్ చేశాడు. సోమవారం పొద్దున వస్తామన్నారు.

డార్లీన్ ఒక్క ఎత్తిపొడుపు మాట కూడా అనలేదు. పైగా ఆ సాయంత్రం అతనికిష్టమని ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, బంగాళదుంప ముద్ద కూరిన పెరోగీలు ఉడికించి, మీద మీగడ వేసి పెట్టింది. ఇలాంటి భార్య ఎంతమందికి దొరుకుతుందని ఒరెస్ట్‌కి కళ్లు చెమ్మగిల్లాయి.

సోమవారం గొట్టాలవాళ్లు వచ్చారు, పీల్చారు, పోయారు. ఇల్లు కమ్మటి గాలి పీల్చుకుంది. కాసేపటికి మళ్లీ ఎవరో తలుపు కొట్టారు. సామానేదైనా మర్చిపోయారేమోనని ఒరెస్ట్ తీశాడు.

గుమ్మంలో వేరే మనుషులిద్దరు. భుజాల మీద లేత నీలం రంగు కార్పెట్ చుట్ట.

"సెప్టెంబరులో మీ ఆవిడ ఖాయం చేసిన తారీఖు ఇవాళే కదండీ," అన్నాడు ముందున్నవాడు, ఖాళీ గదిలోకి తొంగిచూసి తృప్తిగా, "పాతది మా ఆయనే చుట్టి బయట పడేసి ఉంచుతాడని ఆవిడ అప్పుడే చెప్పారు లెండి."