నిజమైతేనే వాక్యం

“అబద్ధం,” అన్నారు ఇంగ్లీషు మాస్టారు, పడక్కుర్చీలో కళ్ళు తెరవకుండానే.

ఎదురుగా స్టూలు మీద కూర్చున్న టైలరు గతుక్కుమన్నాడు. తొందరలో మెడలో టేపు తియ్యడం కూడా మరిచిపోయి వచ్చాడు.

“అదేంటండీ! ‘ఐ గేవ్ అప్ సిగరెట్స్’ తప్పా?”

“వాక్యం తప్పు కాదు, నువ్వే తప్పు. ఇక్కడిదాకా వాసనొస్తోంది.”

“ఉదాహరణకే కదండీ అన్నాను!”

“ఉదాహరణ అంటే అబద్ధమని ఎవరు చెప్పారోయ్? గివ్ అంటే ఇవ్వడం, అప్ అంటే పైకి. రెండూ కలిస్తే మానెయ్యడం. ఎందుకలా అంటే ఇంగ్లీషువాళ్ళకే తెలీదు. ఇలాంటి మాటలు బట్టీ పడితే నిలవవు. జరిగిందే వాక్యంగా చెప్పాలి, అదీ నా పద్ధతి. మానేశాక రా, రెండో మాట చెబుతా.”

టైలరు లేచాడు. రెడీమేడ్ కొట్లు వచ్చాక కొత్త గుడ్డ పట్టుకొచ్చేవాడు కరువయ్యాడు. జిప్పులు మార్చడం, ప్యాంట్లు పొట్టి చెయ్యడం తప్ప మిషనుకి పని లేదు. పెద్ద హోటల్లో దిగే విదేశీయుల బట్టలు సరిచెయ్యడానికి ఒక టైలరు కావాలన్నారు. నెలాఖరున ఇంటర్వ్యూ. అది పోతే దుకాణానికి తాళమే. చేతిపని గురించి బెంగ లేదు, నోటిపనే రాదు.

“సిగరెట్లు మానేస్తున్నా,” అని ఇంట్లో ప్రకటించాడు.

“అయ్యో, ఎందుకండీ!” అంది భార్య. “అది లేకపోతే అన్నం సయించదంటారుగా. ఆ మాస్టారికేం, ఎన్నైనా చెబుతారు.”

“ఏబీసీడీలు రానిదానివి, నీకేం తెలుసు? చదువంటే త్యాగం!”

వారమంతా ముళ్ళ మీద కూర్చున్నట్టు గడిపాడు. సూది గుచ్చుకుంటే సూదినే బూతులు తిట్టాడు. చివరికి మాస్టారి ముందు వాక్యం చెప్పి, ఎందుకైనా మంచిదని ఊపిరి కూడా వదిలి చూపించాడు.

రెండో మాట ‘మేకప్ విత్’. పౌడరు సంగతేమో అనుకున్నాడు. తగువు మాని కలిసిపోవడమని మాస్టారు చెప్పేసరికి, పౌడరు లేకుండానే అతని మొహం తెల్లబోయింది.

అతను మాట్లాడని మనిషి లోకంలో ఒక్కడే, సొంత అన్న. తండ్రి దుకాణం పంచుకున్నప్పుడు పాత బోర్డు ఎవరిదన్న దగ్గర చెడింది. ఇప్పుడు ఇద్దరివీ ఎదురెదురు కొట్లు. ఎదుటివాడి మొహం కనబడకూడదని ఇద్దరూ మిషను గోడవైపు తిప్పుకుని కుడతారు. ఆ చీకట్లో కుట్టీ కుట్టీ ఇద్దరికీ కళ్ళజోళ్ళు వచ్చాయి.

టైలరు రోడ్డు దాటాడు.

“ఏంటి, కత్తెర కావాలా?” అన్నాడు అన్న, తలెత్తకుండా.

“ఒక వాక్యం కావాలి, అన్నయ్యా.”

“అంటే?”

“మనం కలిసిపోవాలి. ఎల్లుండి పాఠం లోపల. నెలాఖరున ఇంటర్వ్యూ ఉంది.”

అన్న కుట్టు ఆపి, కళ్ళజోడు తుడుచుకుని, తమ్ముడి మొహం తేరిపార చూశాడు. “చదువు కోసమంటే కాదనకూడదు. కూర్చో, టీ చెప్తా.”

‘వాష్ అప్’ కోసం అంట్లు తోమాడు. “మగాడు తోమడమేంటండీ, నలుగురూ చూస్తే నా పరువేం కావాలి!” అని భార్య గిన్నెలు లాక్కోబోయింది. అతను ఇవ్వలేదు.

‘లుక్ ఆఫ్టర్’ దగ్గర మాత్రం చిక్కొచ్చిపడింది.

“తర్వాత చూద్దాం అనాండీ?”

“కాదు. దగ్గరుండి బాగోగులు చూసుకోవడం. పెద్దవాళ్ళనైతే మరీ శ్రేష్ఠం.”

అతనికి మిగిలిన పెద్దదిక్కు అత్తగారొక్కర్తే. ఆవిడా అతనూ ఒకే గదిలో ఉంటే ఫ్యాను కూడా భయపడి ఆగిపోతుందని చుట్టాల్లో వాడుక.

“మీ అమ్మని పిలిపించు,” అన్నాడు భార్యతో.

“మా అమ్మనా! వద్దండీ బాబూ, మీ ఇద్దరికీ క్షణం పడదు.”

“పడాలి.”

“పోనీ, నాలుగు రోజులుంచుకుని పంపేద్దాం.”

“నాలుగు రోజులకి వాక్యం రాదే పిచ్చిదానా! ఇక్కడే ఉండిపోవాలి. నా ఉద్యోగం కంటే ఎక్కువా నీకు?”

“మీ ఇష్టం,” అని నిట్టూర్చింది భార్య. అత్తగారు పెట్టెతో సహా దిగారు.

ఇంటర్వ్యూలో మేనేజరు, “నీ గురించి చెప్పు,” అన్నాడు ఇంగ్లీషులో. టైలరుకి తడుముకోవాల్సిన పని లేకపోయింది. సిగరెట్లు మానేశాననీ, అన్నతో కలిసిపోయాననీ, రోజూ అంట్లు తోముతున్నాననీ, అత్తగారిని చూసుకుంటున్నాననీ గడగడా అప్పజెప్పాడు. మేనేజరు పెన్ను పక్కన పెట్టాడు. “అత్తగారు మీ ఇంట్లోనే ఉంటారా?” అని రెట్టించి అడిగాడు. ఔనన్నాక కుర్చీలోంచి లేచి మరీ చెయ్యి కలిపాడు. కోటు కుట్టి చూపించమని కూడా అడగలేదు.

ఆ సాయంత్రమే టైలరు మాస్టారింటికి పరిగెత్తుకొచ్చాడు. “ఉద్యోగం వచ్చిందండీ! అంతా మీ చలవే. ఇక రేపట్నుంచి మిమ్మల్ని విసిగించను.”

మాస్టారు పడక్కుర్చీలో లేచి కూర్చున్నారు. “అప్పుడేనా? ఉద్యోగం రావడం వేరు, నిలవడం వేరు నాయనా. ఇంకా వందల మాటలున్నాయి.”

“వందలా!” టైలరు స్టూలు మీద కూలబడ్డాడు.

“నీ ఇష్టం. రేపు ఏ దొరో నీకు రాని మాట అన్నాడనుకో, తెల్లమొహం వేస్తావు, అంతేగా.”

“వద్దండీ, వస్తాను. రోజూ వస్తాను.”

అతను వీధి మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూసి, మాస్టారు ఫోను తీసి అతని ఇంటికే కలిపారు. అటునుంచి టైలరు భార్య పలికింది.

“రేపటికి ఏ మాట చెప్పమంటావమ్మా?”