ఎదగని వరుస

నాటి మూడు నెలలైంది. బెత్తెడు కూడా ఎదగలేదు!

తోటమాలికి ఒళ్లు మండిపోయింది. ముప్పై ఏళ్లుగా ఎండు కట్టెకు కూడా చిగురు తెప్పించినవాడని పేరు. ఈ పరిశోధనశాల గాజుగదిలో పనికి చేరాడో లేదో, ఆ పరువు కాస్తా మంటగలిసింది.

ఎడమ వరుసలో ఇరవై కుండీలు. ముడుచుకుపోయిన ఆకులు, మట్టికి అతుక్కుపోయిన కాడలు. కుడి వరుసలో అదే జాతి మొక్కలు నలభై, మోకాలెత్తు పెరిగి అతన్ని వెక్కిరిస్తున్నాయి. మట్టి ఒకటే, నీళ్లు ఒకటే. మరి వీటికి పట్టిన మాయరోగం ఏమిటో!

ఈ మొక్కల మీద పరిశోధన చేస్తున్న మేడమ్ రోజూ పొద్దున్నే వచ్చి స్కేలు పెట్టి కొలుస్తుంది. ఏదో రాసుకుంటుంది. ఒక్క మాటైనా అనదు. తిట్టిపోసినా ఇంత బాధ ఉండేది కాదు.

"కాస్త ఎరువు వేయనా అమ్మా?" అని అడిగి చూశాడు.

"వద్దు వద్దు! నీళ్లు పోయండి, చాలు. ఉన్నవి ఆ ఇరవయ్యే. ముట్టుకోకండి."

ముట్టుకోవద్దట! తన చెయ్యి మంచిది కాదనేగా?

నిన్న ఆమె ఫోనులో ఎవరితోనో అంటుంటే చెవిన పడింది. "స్టెరాల్ తయారుచేసే ఎంజైమ్ లేదు సార్. అది లేకపోతే ఇంకెక్కడ ఎదుగుతాయి? రేపు మీరే వచ్చి చూడండి."

స్టెరాలేమిటో, ఎంజైమేమిటో అతనికి అంతుపట్టలేదు. పెద్దలు వస్తున్నారన్నది మాత్రం అర్థమైంది.

"ఆ గిడసబారిన మొక్కల్ని చూశారంటే నీ ఉద్యోగం ఊడినట్టే" అంది భార్య. "చేతులు ముడుచుకుని కూర్చుంటావా?"

కూర్చోలేదు. పొద్దున అందరికంటే ముందే వెళ్లాడు. గిడసబారినవన్నీ వేళ్లతో సహా పీకి చెత్తబండి ఎక్కించేశాడు. కుడి వరుసలోంచి ఏపుగా పెరిగిన ఇరవై మొక్కలు ఏరి, వేరు చెదరకుండా ఆ కుండీల్లో నాటాడు. కుండీలకు అంటించిన చీటీలు మాత్రం ఎక్కడివక్కడే ఉంచాడు. నడుం పట్టేసింది కానీ, మూడు నెలల తర్వాత మొదటిసారి గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

పదింటికి మేడమ్ ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఎడమ వరుస చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"చూశారా అమ్మా, ఎలా లేచాయో!" అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "ఆ రోగిష్టివాటిని చెత్తబండిలో పంపించేశా. ఇక మిమ్మల్ని ఎవరు వేలెత్తి చూపిస్తారో చూస్తా!"

ఆమె అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడింది.

"ఆ ఎంజైమ్ తీసేసి, వాటిని ఎదగకుండా చేయడానికే నాకు నాలుగేళ్లు పట్టిందయ్యా!"