పద్నాలుగు పలకలు

“కూర్చో బావా. నువ్వట్ల తిరుగుతుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి,” అన్నాడు పుల్లారావు.

నాగులు కూర్చోలేదు. ఆ గోడ దాకా పోయి మళ్ళీ ఈ గోడ దాకా వస్తున్నాడు. అంత మనిషి నడుస్తుంటే షెడ్డులో దొంతర్లు పెట్టిన పలకలు సన్నగా చప్పుడు చేస్తున్నాయి.

మార్కాపురంలో ఆ పలకల షెడ్డు పుల్లారావుది. అవతలి పక్షం వాళ్ళు లాక్కుపోకుండా రెండు రోజులు పని ఆపి, పదిహేను మంది సర్పంచులకు అందులోనే పడకలు వేయించాడు. పదిహేనోవాడు తన బావ నాగులే.

పంచాయతీ సమితులు కొత్తగా వచ్చిన ఏడు అది. సర్పంచులంతా చీటీల మీద గుర్తు పెట్టి సమితి ప్రెసిడెంటును ఎన్నుకోవాలి. మొత్తం ఇరవై తొమ్మిది ఓట్లు. పదిహేను మంది నాగులు వైపు, బట్టల దుకాణం నడిపే సర్పంచు ఉమామహేశ్వర్లు వైపు అతనితో కలిపి పద్నాలుగు మంది. సమితి జీపులో ముందు సీటు తనదేనని పుల్లారావు పెళ్ళాంతో చెప్పి మరీ బయలుదేరాడు. మధ్యాహ్నం పెట్టె తెరిచి చూస్తే ఉమామహేశ్వర్లుకు పదిహేను వచ్చాయి. నాగులుకు పద్నాలుగు.

మూటలు తీసుకుపోవడానికి లారీ అందరినీ మళ్ళీ షెడ్డుకు తెచ్చింది. పుల్లారావు లోపల గడియ పెట్టాడు.

నాగులు ఓడిపోవడం ఆ చుట్టుపక్కల ఎవరూ చూసి ఎరగరు. కనిగిరిలో, కర్నూలులో మట్టిలో కుస్తీ పట్టాడు. హైదరాబాదులో పరుపుల మీద ఫ్రీస్టయిల్ పట్టి రాష్ట్రానికే చాంపియన్ అయ్యాడు. మెడలో పతకంతో గిద్దలూరులో రైలు దిగితే ఊరంతా స్టేషనుకు వచ్చింది. ఆ మెడను చూసే పోటీ లేకుండా సర్పంచును చేశారు. ఇప్పుడా మెడ వంగి ఉంది.

మనలోనే ఎవడో అమ్ముడుపోయాడు, వాడెవడో తేలేదాకా తలుపు తీసేది లేదన్నాడు పుల్లారావు. వదిలెయ్యమన్నాడు నాగులు. నీకు జాలి ఎక్కువ, అందుకే ఇట్లయిందన్నాడు పుల్లారావు. తలా ఒక పలక, బలపం ఇచ్చి ఎవరి మీద అనుమానమో రాయమన్నాడు. పద్నాలుగు మంది పద్నాలుగు మూలలకు తిరిగి రాశారు. నాగులు పలక తీసుకోలేదు.

తొమ్మిది పలకల మీద ఒకే పేరు. హిదాయతుల్లా.

కొమరోలు వైపు చిన్న ఊరికి సర్పంచు హిదాయతుల్లా. నాగులును చిన్నప్పుడు బడే సాహెబ్ ఉస్తాద్ తాలింఖానాలో కుస్తీకి చేర్చింది అతనే. తనకు కుస్తీ రాలేదు కానీ ఇరవై ఏళ్ళు నాగులు ఒళ్ళు పట్టాడు, వెంట తిరిగాడు. నిన్న పొద్దున షెడ్డు ఎదురు టీ అంగడి దగ్గర ఉమామహేశ్వర్లు గుమాస్తా అతనితో మాట్లాడటం నలుగురు చూశారు. ఇంట్లో పెళ్ళాం చాంద్‌బీకి చీర సంగతి అడిగానన్నాడు హిదాయతుల్లా. ఒక్కరూ నమ్మలేదు.

పుల్లారావు అతని పలక తిప్పి చూశాడు. ఖాళీగా ఉంది.

“నువ్వేంది, ఎవరి పేరూ రాయలేదు?”

“ఎవరి పేరు రాయాల? నేను చూసినానా?”

“దొంగ గాబట్టి రాయలేదు.”

నాగులు నడక ఆగింది. ఏదో అనబోయి మళ్ళీ నడిచాడు. పుల్లారావు ధైర్యం పెరిగింది. శుక్రవారం మసీదులో అందరి ముందు ఖురాన్ ముట్టి ప్రమాణం చెయ్యమన్నాడు.

హిదాయతుల్లా లేచి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

“శుక్రవారం దాకా ఎందుకు? ఇప్పుడే పోదాం పాండి. మా నాయన ఎన్నడూ ఒట్టేసి ఎరగడు, నేనూ ఎరగను. ఈ పొద్దు ఏస్తా.” నాగులు వైపు తిరిగాడు. “ఏసినాక ఇంక నీ గడప తొక్కను నాగులన్నా. నువ్వొక్క మాట చెప్పు, నీక్కూడా నా మీద అనుమానమేనా?”

నాగులు గోడ వైపు తిరిగాడు. హిదాయతుల్లా తలుపు దగ్గరికి పోయి గడియ మీద చెయ్యి వేశాడు.

నాగులు నాలుగు అంగల్లో వచ్చి తలుపుకు అడ్డం నిలబడ్డాడు. ఇక కొడతాడని అందరూ లేచారు. బావకు కోపం వస్తే పట్టేవాడు లేడని పుల్లారావు రెండడుగులు వెనక్కి వేశాడు.

“ఒట్టు వద్దు,” అన్నాడు నాగులు. “హిదాయతూ, బరిలో జోడు కలిసే ముందు ఉస్తాద్ మనకు ఏం నేర్పినాడు?”

హిదాయతుల్లాకు అర్థం కాలేదు. “ముందు మనమే ఎదుటోడికి చెయ్యి ఇయ్యమన్నాడు. ఇచ్చినోడికి వాడూ ఇస్తాడు, ఆ మీదనే పట్టు అన్నాడు. ఇయ్యనోడు పహిల్వానే గాదన్నాడు.”

“నేను ఇచ్చినా. ఉమామహేశ్వర్లూ నాకు ఇస్తాడనుకున్నా. ఇయ్యలేదు.”

పుల్లారావు విసుక్కున్నాడు. “వాడు బట్టలమ్ముకునేటోడు, వాడికేం తెలుసు బరి మర్యాద? చెయ్యి ఇస్తే ఏంది, ఇయ్యకపోతే ఏంది బావా?”

“చెయ్యి కాదు, నా ఓటు,” అన్నాడు నాగులు.