తేలికైన వీపు

చాకిరేవు దగ్గర గంగులు అనే గాడిద బట్టల మూటలు మోసేది.

"యజమాని ఆటో కొంటున్నాడట. సొంతంగా మేత వెతుక్కోవడం ఇప్పటినుంచే నేర్చుకో, అన్నా," అని పొరుగు మేక చుక్కి హెచ్చరించింది.

"ఇన్నేళ్లు మోసినవాణ్ణి, ఎలా వదిలేస్తాడు చెల్లీ?" అంది గంగులు.

ఆటో వచ్చింది. యజమాని మెడతాడు విప్పి గంగుల్ని బయటికి తోలేశాడు. మర్నాడు పొద్దున్నే అది అలవాటుగా వాకిట్లోకి వచ్చి, వీపు వంచి నిలబడింది. మూటలు ఆటో ఎక్కి వెళ్లిపోయాయి.

చుక్కి దెప్పలేదు. "ఆకలేస్తోందా?" అని మాత్రం అడిగింది.

"వీపు తేలికైపోయింది చెల్లీ. ఆ తేలికే మోయలేకపోతున్నాను."

చుక్కి దాన్ని తుమ్మపొదల దగ్గరికి తీసుకెళ్లి, ముళ్లు తప్పించి కొరకడం చూపించింది. గంగులు కొరికింది. పెదవి చిట్లి నెత్తురొచ్చింది. ఏడుస్తూనే నమిలి మింగి, మళ్లీ కొమ్మకేసి మూతి చాచింది.