కదిలితే చాలు

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మరి నీ కెమెరా పడుతుందా?" అని అడిగాడు బట్టల షాపు యజమాని.

"ఈశ్వరుడికి సవాలక్ష పనులు సార్. దీనికి ఇదొక్కటే పని," అన్నాడు కెమెరాలు బిగించే అతను, నిచ్చెన మీద నుంచి.

షాపు ఇంకా తెరవలేదు. షట్టర్ సగమే ఎత్తి ఉంది. నెల రోజులుగా ఖరీదైన తోలు జాకెట్లు, ఉన్ని కోట్లు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. తాళం పగిలిందా అంటే లేదు. తాళంచెవులు ఉన్నదేమో ఇద్దరి దగ్గరే. ఒకరు యజమాని. తన షాపులో తనే దొంగతనం చేసుకునేంత పిచ్చి ఆయనకింకా పట్టలేదు. ఇక మిగిలింది బావమరిది.

ఆ అనుమానం బయటపడ్డ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఎదురెదురుగా నిలబడి కూడా, గల్లాపెట్టె దగ్గర కూర్చునే యజమాని భార్య ద్వారానే మాట్లాడుకునేవారు.

"చొక్కాలు సైజుల వారీగా సర్దమని మీ తమ్ముడితో చెప్పు."

"సర్దేశానని బావకి చెప్పక్కా."

పాపం, ఇటు మొగుడు, అటు తమ్ముడు. మధ్యలో ఆవిడ నోరు పడిపోయేది.

కెమెరా పెడుతున్నారని తెలిసినప్పుడు మాత్రం ఆవిడ తన మాట తను చెప్పింది. "వాడే దొంగని తేలితే జన్మలో వాడి మొహం చూడను. అమ్మ పోయాక నా చేతులతో పెంచాను, అయినా సరే చూడను. కాదని తేలితే మాత్రం మీరు వాడి చేతులు పట్టుకుని తప్పైపోయిందని చెప్పాలి." చెబుతూనే కళ్ళు తుడుచుకుంది. మాట గట్టిగానే అంది కానీ ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు.

కెమెరా బిగింపు పూర్తయింది. బావమరిదిని అటూ ఇటూ నడవమన్నారు. అతను తల దించుకుని నడిచాడు. కెమెరా అతని వెంటే మెడ తిప్పింది.

"చూశారా సార్! కదిలితే చాలు, వెంటపడుతుంది. కదలకపోతే రాయైనా మనిషైనా దీనికొకటే. అప్పుడు గల్లాపెట్టె వైపు తిరిగి కూర్చుంటుంది."

అంతలో యజమాని ఫ్యాన్ వేశాడు. వేలాడదీసిన చొక్కాలు ఊగాయి. కెమెరా మనిషిని వదిలేసి చొక్కాల వెంట పడింది.

"ఇదేం చోద్యమయ్యా! చొక్కాలు నా సొత్తు ఎత్తుకుపోతాయా?"

"మెల్లగా కదిలేవాటిని వదిలెయ్యమని పెడతాను సార్. గబగబా కదిలేవాళ్ళనే చూస్తుంది."

"అలాగే పెట్టు. మావాడికి ఎలాగూ కాలు ఒకచోట నిలవదు."

ఆ మాట బావమరిదికి వినబడాలనే అన్నాడు. వినబడింది. అతను ట్రయల్ రూములోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

యజమాని మెడలోని టేపు తీసి, మూలనున్న చలికాలపు బొమ్మ భుజం మీద వేశాడు. దానికి కోటు, మఫ్లరు, టోపీ, చేతులకి తొడుగులు, ఆఖరికి నల్ల కళ్ళద్దాలు కూడా ఉన్నాయి. "ఈ షాపు మొత్తానికి బుద్ధిమంతుడు వీడొక్కడే. జీతమడగడు, సెలవడగడు, ఎదురు చెప్పడు," అన్నాడు. కెమెరా అతను పగలబడి నవ్వాడు.

వారం గడిచింది. యజమాని రోజూ కళ్ళలో వత్తులు వేసుకుని రికార్డింగు చూశాడు. బావమరిది చొక్కాలు మడవడం, నిచ్చెన ఎక్కడం, వీపు గోక్కోవడం, ఆవులించడం, అన్నీ చూశాడు. ఒకచోట మాత్రం ఆపి, మళ్ళీ వెనక్కి తిప్పి చూశాడు. కోట్ల వరస వెనక అటూ ఇటూ తిరుగుతూ అతను ఏడుస్తున్నాడు.

జాకెట్లు మాత్రం పోతూనే ఉన్నాయి.

"ఏమండీ, ఆ బొమ్మ నిన్న కిటికీ దగ్గర లేదూ?" అంది ఆవిడ ఒకసారి.

"మీ తమ్ముడికి బొమ్మల్ని జరపడం తప్ప ఇంకో పనేముంది?" అని విసుక్కున్నాడు. కానీ ఆ విసుగులో మునుపటి వేడి లేదు.

ఆదివారం పొద్దున, షట్టర్ సగం ఎత్తగానే ఆయన తిన్నగా వెళ్ళి బావమరిది రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఒరేయ్, తప్పైపోయిందిరా. బంగారం లాంటి నిన్ను దొంగని అన్నాను. నా నోట్లో పురుగులు పడ."

"ఊరుకో బావా. నువ్వు మాట్లాడావు, అదే చాలు."

ఇద్దరూ అలాగే నిలబడిపోయారు. ఆవిడ గల్లాపెట్టె మీద తల పెట్టుకుని ఏడుస్తూ నవ్వుతోంది. కెమెరా గుర్రుమని గుమ్మం వైపు తిరిగింది.

"చూశావా, దీనికీ సిగ్గేసింది. మొహం తిప్పుకుంటోంది," అని నవ్వించాడు యజమాని. నెల రోజుల మాటలు బాకీ ఉన్నాయి కదా, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఏదో ఒక మంచి మాటతో మొదలుపెట్టాడు. "అసలు ఎన్నిసార్లు మెచ్చుకుందామనుకున్నానో, పంతం అడ్డొచ్చి నోరు విప్పలేదు. ఆ చలికాలపు బొమ్మని ఎక్కడ పట్టుకొచ్చావురా?"

బావమరిది కళ్ళు తుడుచుకుంటూ అన్నాడు. "నేను తేవడమేంటి బావా, నువ్వు తెచ్చావనే కదా రోజూ పొద్దున్నే దానికి దుమ్ము దులుపుతున్నాను!"