వంతు నీళ్లు

"మళ్లీ వచ్చాడు ఆ ముసలోడు!"

టిలట్సన్ ఫోన్‌లో అరిచినంత పని చేశాడు. ఆయన ఆ గోల్ఫ్ క్లబ్బుకు అధ్యక్షుడు. బంతి కొట్టబోయే వేళ మనిషి అడ్డొస్తే ఆయనకు ప్రాణం మీదికొస్తుంది.

గ్రెటా నవ్వుకుంది. మైదానం బాగోగులు చూసే సూపరింటెండెంట్ ఆమె. బంతి పడే గుంతను చూపే మూడో జెండా దగ్గర పైపు పట్టుకుని పచ్చిక తడుపుతోంది.

"రానివ్వండి. చెరువు చూసి పోతాడు, అంతేగా. చూస్తే నీళ్లు తరిగిపోతాయా?"

పశ్చిమ కొలరాడోలో ఆ ఏడు కొండల మీద మంచే సరిగా పడలేదు. మే తర్వాత వాన చుక్క లేదు. చుట్టుపక్కల క్లబ్బులు ఒక్కొక్కటే చేతులెత్తేశాయి. ఆగస్టు పోటీల దాకా పచ్చిక బతక్కపోతే మైదానాన్ని ఇళ్ల స్థలాలుగా అమ్మేస్తామని క్లబ్బు పెద్దలు తేల్చి చెప్పారు. అక్కడ పనిచేసేవాళ్లంతా గ్రెటా ముఖం వంక చూశారు.

"నేనున్నాగా!" అందామె.

అన్నట్టే చేసింది. జెండాకూ జెండాకూ మధ్య ఉన్న పొడవాటి నేలకు నీళ్లు ఆపేసింది. అది గోధుమరంగుకు తిరిగింది. సభ్యులు లబోదిబోమన్నారు.

"గడ్డి చావలేదు, నిద్రపోతోంది. మీరే కాస్త మెల్లగా నడవండి," అని వాళ్ల నోళ్లు మూయించింది.

జెండాల చుట్టూ ఉండే మెత్తటి పచ్చికను మాత్రం స్ప్రింక్లర్లకు వదిలేయకుండా చేత్తోనే తడిపేది. అడుగు వేసి వెనక్కి చూసేది. అడుగుజాడ మాసిపోయిందా, గడ్డికి దాహం లేదు. నిలిచిపోయిందా, అంతవరకే పైపు పట్టేది.

కాలువ నుంచి నీళ్లొచ్చే చెరువు నిండుగానే ఉంది. అదంతా తన పొదుపు మహిమేనని గ్రెటా నమ్మకం. ఆ నమ్మకం ఆమె నడకలోనే కనిపించేది.

ఆ రోజు ఆమె అటు వెళ్లేసరికి ముసలాయన రబ్బరు బూట్లతో, భుజాన పారతో చెరువు గట్టు మీద నిలబడి ఉన్నాడు.

"అంత మేర ఎండబెట్టావేంటమ్మా?"

"అక్కడ ఆపితేనే ఇక్కడికి సరిపోతాయి, పెద్దాయనా."

"మధ్యాహ్నాలు స్ప్రింక్లర్లు తిప్పట్లేదే?"

"ఆ ఎండలో తిప్పితే సగం గాలికే పోతాయి. నేనంత పిచ్చిదానిలా కనబడుతున్నానా?"

ముసలాయన నవ్వాడు. "వృథా పోనివ్వట్లేదన్నమాట."

"ఒక్క చుక్క కూడా! ఈ లోయలో నా అంత పొదుపరిని చూపించండి చూద్దాం."

"లేరులే," అని చెరువు వైపు మరోసారి చూసి వెళ్లిపోయాడు.

ఆయన పేరేమిటో అడగాలని ఎవరికీ తోచలేదు.

పోటీల రోజు వచ్చింది. బయటి ఊళ్ల ఆటగాళ్లతో, వాళ్ల కార్లతో క్లబ్బంతా కిక్కిరిసింది. టిలట్సన్ పరుగెత్తుకొచ్చాడు.

"ఇవాళ కూడా తయారయ్యాడు! అతిథుల ముందు ఆ బురద బూట్లేంటి? నువ్వు పంపిస్తావా, పోలీసుల్ని పిలవనా?"

గ్రెటాకు విసుగొచ్చింది. ఇవాళ తన రోజు. గబగబా చెరువు దగ్గరికి వెళ్లింది.

"పెద్దాయనా, ఇవాళ కుదరదు. బయల్దేరండి."

"ఒక్క మాట చెప్పి పోతానమ్మా."

"మాటలకు టైమెక్కడిది? నీళ్లు మావి, గడ్డి మాది. మీకేం పని ఇక్కడ?"

కాస్త గట్టిగానే అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

ముసలాయన కోపం తెచ్చుకోలేదు. "మీవేలేమ్మా. ఆట బాగా జరగనీ," అన్నాడు. గ్రెటా గేటు దాకా వెంట నడిచి మరీ పంపించింది.

పోటీలు బ్రహ్మాండంగా జరిగాయి. ఇంత ఎండల్లో ఇలాంటి పచ్చిక ఎక్కడా చూడలేదని ఆటగాళ్లు మెచ్చుకున్నారు. ఇక మైదానం అమ్మే మాటే లేదని టిలట్సన్ మైకులో ప్రకటించాడు. పనివాళ్లు ఈలలు వేసి గ్రెటాను భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఆమె ఒళ్లు పొంగిపోయింది.

మర్నాడు పొద్దున చెరువులోకి నీళ్లు రావడం ఆగిపోయింది.

గ్రెటా కాలువ గట్టెక్కింది. వంతుల ప్రకారం నీళ్లు వదిలే లష్కరు డెల్బర్ట్ తూముకు తాళం వేస్తున్నాడు.

"ఏంటిది డెల్బర్ట్? మా వంతు ఎందుకు ఆపావు?"

"మీ వంతా? అది జూన్‌లోనే అయిపోయింది తల్లీ. ఈ కాలువ మీద ముందొచ్చినవాళ్లు తాగాకే వెనకొచ్చినవాళ్లకు. అందరికంటే వెనకొచ్చింది మీ క్లబ్బేగా."

గ్రెటా నవ్వబోయింది. నవ్వు రాలేదు.

"మరి ఇన్నాళ్లూ వచ్చిన నీళ్లు?"

"స్టకీ గారివి. ఈ కాలువ తవ్విన మనిషికి మనవడు. మొదటి వంతు ఆయనదే. 'అక్కడ ఇంతమంది బతుకులున్నాయి. వాళ్లు వృథా చేయనంతకాలం నా నీళ్లు అటే పోనీ' అన్నాడు."

"మరి ఆయన పొలం?"

"ఎండిపోయింది. మేత లేక ఆవుల్ని అమ్మేశాడు. చివరికి పొలం కూడా. మీ పోటీలు అయ్యేదాకా అప్పగించనని పట్టుబట్టాడులే. కొన్నవాళ్లు ఇవాళ్టి నుంచి తమ నీళ్లు తమకే కావాలన్నారు."

వేసవంతా తాను చెప్పుకున్న గొప్పలు ఒక్కొక్కటే గుర్తొచ్చి గ్రెటాకు సిగ్గేసింది.

"ఇల్లెక్కడో చెప్పు. ఇప్పుడే వెళ్లి కలుస్తాను."

"ఇంకెక్కడి ఇల్లు? నిన్న సాయంత్రమే కూతురితో ప్యూబ్లో ఊరికి వెళ్లిపోయాడు. ఇక ఇటు రానన్నాడు."

డెల్బర్ట్ తాళం ఒకసారి లాగి చూసి, ఆమె వైపు తిరిగాడు.

"అయినా, పోయేముందు నీకు ఒక్క మాట చెప్పి పోతానని నిన్న పొద్దున మీ చెరువు దగ్గరికే వచ్చాడే, కనబడలేదా?"